మలేషియా కోడలికి ఇండియన్ పాస్‌పోర్ట్: పెళ్లి సర్టిఫికెట్ ఒక్కటే చాలదండీ

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా. అడిగినాయన కాకినాడవారు. ఆయన భార్య మలేషియా పౌరురాలు. పెరాక్ రాష్ట్రంలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి తోటల పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 2017 నవంబర్‌లో అన్నవరంలో పెళ్లయింది. తర్వాత 2018 జనవరి 14న, సంక్రాంతి పండుగ రోజుల్లో, ఎంట్రీ వీసా మీద కాపురానికి వచ్చారు. అప్పటి నుంచి పుట్టింటికి మూడుసార్లు వెళ్లారు: 2019లో పురిటికి 142 రోజులు, 2022లో 44 రోజులు, 2023లో 19 రోజులు. 2021 నవంబర్‌లో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులుగానే ఉంటూ ఇక్కడ జీవితాంతం ఉండే వీలిచ్చే కార్డు) వచ్చింది. ఆధార్, పాన్ ఉన్నాయి. ఇక్కడే బీఈడీ చేశారు, డీఎస్సీ రాయాలని కోరిక. ఈ ఆగస్టు 1న, అంటే 2025 ఆగస్టులో, పాస్‌పోర్ట్‌కి పెడదామని ఒక ఏజెంటు దగ్గరికి వెళ్తే "మ్యారేజ్ సర్టిఫికెట్, ఆధార్ ఉన్నాయి కదా, సిటిజన్‌షిప్ దగ్గర బై బర్త్ అని టిక్ పెట్టేద్దాం" అన్నాడట. ఇంట్లో పెద్దమ్మగారు "నేను రంగూన్ నుంచి వచ్చినదాన్నే, పెళ్లితో ఇండియన్‌ని అయిపోలేదూ" అంటున్నారట. డిసెంబర్‌లో మలేషియాలోని ఈపోలో చెల్లెలి పెళ్లి ఉంది, దానికి వెళ్లి తీరాలట.

నేను ఓ కోస్తా జిల్లా కలెక్టరేట్‌లో చాలా ఏళ్లు చేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. పౌరసత్వం ఫైళ్లు మా సెక్షన్‌కే వచ్చేవి. ఏడాదికి నాలుగైదు వస్తే గొప్ప. తక్కువ వస్తాయి కాబట్టే వాటి గురించి ఎవరికీ సరిగ్గా తెలీదు, తెలీకపోయినా అందరూ చెప్పేస్తారు.

ఏజెంటు సంగతి ముందు తేల్చేస్తాను. ఆ మాట అన్న మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లకండి. మీ ఆవిడ పుట్టింది పెరాక్‌లో. పుట్టుకతో భారత పౌరురాలినని ఫారంలో రాస్తే అది పొరపాటు కింద పోదు, అబద్ధం అవుతుంది. భారత పౌరుడు కానివాళ్లకు పాస్‌పోర్ట్ నిరాకరించాలని 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. తన జాతీయత దాచి పాస్‌పోర్ట్ తీసుకున్న విదేశీయులకు అదే చట్టంలో 12(1ఎ) అని ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది: ఏడాదికి తగ్గకుండా 5 ఏళ్ల దాకా జైలు, 10 వేల నుంచి 50 వేల రూపాయల దాకా జరిమానా. ఏజెంటుకి పోయేదేముంది, సంతకం మీ ఆవిడది. పైగా ఒకసారి అలాంటి కేసు మెడకు చుట్టుకుంటే, రేపు న్యాయంగా రావలసిన పౌరసత్వం కూడా అక్కడే ఆగిపోతుంది.

ఆధార్ గురించి కూడా చాలామంది పొరబడతారు. ఆధార్ నివాసానికి ఇచ్చే నంబరు, పౌరసత్వానికి కాదు. గడిచిన 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉన్న విదేశీయులకూ ఇస్తారు. పాన్ కూడా అంతే, పన్నుల కోసం. ఈ రెండూ మీ ఆవిడ దగ్గర ఉండటంలో తప్పేమీ లేదు. అవి చూపించి పౌరురాలినని చెప్పుకుంటేనే తప్పు. ఇంకో మాట, ఉత్సాహం కొద్దీ ఓటరు కార్డుకి మాత్రం అప్లై చేయించకండి. పౌరులు కానివాళ్లు ఓటరు జాబితాలో చేరడానికి అర్హులు కారు. అబద్ధపు డిక్లరేషన్‌కి శిక్ష వేరే ఉంది. నా దగ్గరకొచ్చిన ఒక ఫైల్లో అన్ని కాగితాలూ చక్కగా ఉన్నాయి. ఎవరో కార్యకర్త ఇంటికొచ్చి రాయించుకుపోయిన ఓటరు కార్డు ఒక్కటే కొంప ముంచింది. విచారణకు వెళ్లిన కానిస్టేబుల్‌కి ఆ అమ్మాయే గర్వంగా చూపించింది పాపం.

ఇక పెద్దమ్మగారి మాట. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆవిడ కాలంలో చట్టం వేరు. 1955 పౌరసత్వ చట్టం వచ్చిన కొత్తలో 5(1)(సి) సెక్షన్ కింద భారత పౌరుణ్ణి పెళ్లాడిన స్త్రీలకు పౌరులుగా రిజిస్ట్రేషన్ చేయించుకునే అవకాశం ఇచ్చారు, ఇన్నేళ్లు ఇక్కడ ఉండాలన్న షరతు లేకుండా. స్త్రీలకే, మగవాళ్లకు కాదు. 1986లో సవరించి భార్య అయినా భర్త అయినా ఒకటే అన్నారు, 5 ఏళ్ల నివాసం పెట్టారు. 2003లో చేసిన సవరణతో అది 7 ఏళ్లయింది, 2004 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి పెద్దమ్మగారు 60లలో వచ్చి ఉంటే తేలిగ్గానే అయిపోయి ఉంటుంది. కానీ అప్పుడు కూడా తాళి కట్టిన క్షణంలో ఎవరూ భారతీయులైపోలేదు. రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిందే. ఆవిడ ట్రంకుపెట్టె ఒకసారి వెతికించండి, మడతలు పడిన సర్టిఫికెట్ ఒకటి తప్పకుండా దొరుకుతుంది. పెళ్లితోనే భార్యకు భర్త జాతీయత అంటుకునే పద్ధతి ఇంగ్లిష్‌వాళ్ల పాత చట్టాల్లో ఉండేది. మన ఇళ్లల్లో తిరిగే ఈ నమ్మకానికి మూలం బహుశా అదే.

ఇప్పుడు అసలు విషయం. మీరంతా పెళ్లిని ఎలా రుజువు చేయాలా అని ఆలోచిస్తున్నారు. పెళ్లిని రుజువు చేయడం ఒక్క కాగితం పని. మీరు రుజువు చేయాల్సింది నివాసాన్ని. మీ ఆవిడ ఇక్కడ ఎన్ని రోజులుంది, ఏ అనుమతి మీద ఉంది, మధ్యలో ఎక్కడైనా చిల్లు పడిందా. ఫైలు పాస్ కావడమైనా ఫెయిల్ కావడమైనా దీని మీదే. పాస్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్లడం ఈ మొత్తం వ్యవహారంలో చివరి మెట్టు. ముందు పౌరసత్వం రావాలి, ఆ సర్టిఫికెట్ పెట్టి పాస్‌పోర్ట్ అడగాలి.

ఏడేళ్లు అనగానే అందరూ ఏడేళ్లూ కదలకుండా ఉండాలనుకుంటారు. అలా కాదు. చట్టంలోని వివరణ ప్రకారం లెక్క రెండు ముక్కలు. దరఖాస్తు పెట్టే రోజుకు వెనక 12 నెలలు పూర్తిగా ఇండియాలోనే ఉండాలి. ఆ 12 నెలలకు వెనక ఉన్న 8 ఏళ్లలో అన్నీ కలిపి 6 ఏళ్లకు తక్కువ కాకుండా ఉండాలి. అంటే మొత్తం 9 ఏళ్ల కిటికీలో 7 ఏళ్లు. మధ్యలో పుట్టింటికి వెళ్లి రావచ్చు, ఆ రోజులు తీసేసినా 6 ఏళ్లు నిలవాలి. చివరి 12 నెలల్లో మాత్రం వెసులుబాటు చాలా తక్కువ. ప్రత్యేక కారణాలుంటే గరిష్ఠంగా 30 రోజుల వరకు, విడతలుగా అయినా సరే, కేంద్రం సడలించవచ్చని 2015లో చేర్చారు. అది వాళ్ల ఇష్టం, మన హక్కు కాదు. దాన్ని నమ్ముకుని టికెట్లు కొనొద్దు.

మీ ఆవిడ లెక్క నేను నోట్‌బుక్‌లో వేసి చూశాను. ఆగస్టు 1న పెడితే, 2024 ఆగస్టు 1 నుంచి 2025 జులై 31 వరకు 12 నెలలు. మీరు చెప్పినదాని ప్రకారం 2023 తర్వాత ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు, కాబట్టి అది సరిపోయింది. దానికి వెనక 8 ఏళ్లు అంటే 2016 ఆగస్టు 1 నుంచి 2024 జులై 31 వరకు. ఆవిడ 2018 జనవరి 14న దిగారు. ఆ రోజు నుంచి 2024 జులై 31 వరకు లెక్కేస్తే 2391 రోజులు. ప్రయాణాలు 142, 44, 19 కలిపితే 205. తీసేస్తే 2186. ఆరేళ్లంటే లీపు రోజులు పక్కన పెట్టినా 2190. నాలుగు రోజులు తక్కువ!

పెళ్లికి వచ్చినప్పుడు టూరిస్ట్ వీసా మీద ఉన్న రోజుల్ని నేను కావాలనే కలపలేదు. మీరూ కలపకండి. ఆ నాలుగు రోజుల కోసం టూరిస్ట్ వీసా రోజులు చూపిస్తే, కొత్త ప్రశ్నకు మీరే తలుపు తీసినట్టవుతుంది.

భయపడకండి, ఈ కేసులో ఒక సౌలభ్యం ఉంది. కిటికీ మొదలయ్యే తేదీ ఆవిడ రాకకు ముందే ఉంది కాబట్టి, మీరు ఎన్ని రోజులు ఆగితే అన్ని రోజులూ కలుస్తాయి, వెనక నుంచి ఏమీ పోవు. సెప్టెంబర్ 10న పెడితే మరో 40 రోజులు కలిసి 2226 అవుతాయి. దిగిన రోజు, ఎక్కిన రోజు లెక్కలోకి వస్తాయా రావా అన్న పేచీ కూడా అందులోనే కొట్టుకుపోతుంది. నేనైతే ఎవరికైనా కనీసం ఓ నెల మిగులు ఉంచుకోమనే చెబుతాను. సరిగ్గా అంచు మీద పెట్టిన ఫైలుని చూస్తే పైనున్న గుమస్తాకి చేతులు దురద పెడతాయి.

అందుకే నా సలహా: ఆగస్టు 1న వద్దు, డిసెంబర్ తర్వాత అసలే వద్దు. సెప్టెంబర్ రెండో వారంలో పెట్టండి. పెట్టాక చెల్లెలి పెళ్లికి ఆవిడ మలేషియా పాస్‌పోర్ట్, ఓసీఐ కార్డు మీద హాయిగా వెళ్లి రావచ్చు, ఎందుకంటే చట్టం లెక్కించేది దరఖాస్తుకు ముందున్న రోజుల్ని. అదే పెళ్లికి వెళ్లొచ్చి జనవరిలో పెడదాం అనుకుంటే, చివరి 12 నెలల్లో చిల్లు పడి, మళ్లీ 2027 జనవరి దాకా ఆగాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. దరఖాస్తు వెళ్లాక స్పెషల్ బ్రాంచి నుంచి ఇంటికి విచారణకు వస్తారు. ఆ సమయానికి ఆవిడ ఊళ్లో లేకపోతే ఆ మాటే రిపోర్టులో పడుతుంది. వెళ్లే తేదీలు, తిరిగొచ్చే తేదీలు రాసి కలెక్టరేట్‌లో ఒక లెటర్ ఇచ్చి, ముద్ర వేయించిన కాపీ దగ్గర పెట్టుకోండి.

ఓసీఐ దారి గురించి మీరు అడగలేదు కానీ అదీ చెప్పాలి. ఓసీఐ కార్డు వచ్చి 5 ఏళ్లు నిండి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడ ఉంటే 5(1)(జి) కింద కూడా పౌరసత్వం అడగొచ్చు. ఇందులో ఆ 8 ఏళ్లలో 6 ఏళ్లు అన్న లెక్క లేదు. చాలామందికి ఇదే తేలిక. మీ ఆవిడకు మాత్రం 5 ఏళ్లు నిండేది 2026 నవంబర్‌లో. అప్పుడు కూడా చివరి 12 నెలలు కదలకూడదు, అంటే ఈ డిసెంబర్ పెళ్లి ఆ దారిలోనూ అడ్డమే. అందుకే భార్యగా 5(1)(సి) కింద ఇప్పుడే పెట్టడం మంచిది, ఫారం 3. ఇది ఏదో కారణంతో తిరిగొస్తే అప్పుడు ఓసీఐ దారికి వాడే ఫారం 7 చేతిలో ఉండనే ఉంటుంది. ఇండియాలో ఎక్కువ కాలం ఉండకుండా తిరుగుతూ ఉన్న దంపతులు ఇది చదువుతుంటే, మీరు ఓసీఐ దారి మీదే లెక్క వేసుకోండి. భారత పౌరుణ్ణి చేసుకున్న విదేశీయులకు పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిలిస్తే ఓసీఐకి అర్హత వస్తుంది. అయితే తల్లిదండ్రులో తాతలో పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. విడాకులైతే భార్యాభర్తల కోటాలో వచ్చిన ఓసీఐ రద్దు చేయొచ్చన్నదీ చట్టంలోనే ఉంది.

కాగితాల సంగతికి వద్దాం. అన్నవరం దేవస్థానం వాళ్లిచ్చిన రసీదు, శుభలేఖ, ఆల్బమ్ ఇవన్నీ ఇంట్లో దాచుకోవడానికి బాగుంటాయి. ఇక్కడ కావలసింది మ్యారేజ్ రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్. మీకు ఓసీఐ భార్య కోటాలోనే వచ్చి ఉంటే అది ఉండే ఉంటుంది. మీరు భారత పౌరుడని చూపడానికి మీ పాస్‌పోర్ట్ కాపీ చాలు, లేదా జనన ధృవీకరణ పత్రం. ఆవిడ మలేషియా పాస్‌పోర్ట్ గడువులో ఉండాలి. పాత పాస్‌పోర్ట్ కూడా పారేయకుండా ఉంచారని ఆశిస్తాను, 2018 స్టాంపులు అందులోనే ఉంటాయి. ఫీజు చలానా. ఇంతే, చూడటానికి చిన్న జాబితా.

చిక్కంతా రెసిడెన్షియల్ పర్మిట్ దగ్గర. 2018 జనవరి నుంచి 2021 నవంబర్‌లో ఓసీఐ వచ్చేదాకా ఆవిడ ఎంట్రీ వీసా మీద ఉన్నారు. ఆ నాలుగేళ్లలో ప్రతి పొడిగింపుకీ కాగితం ఉండాలి. హైదరాబాద్‌లో అయితే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు చూసే ఆఫీసు), జిల్లాల్లో అయితే ఎస్పీ ఆఫీసు ఇస్తాయి. వాటిని తేదీల వరసలో నేల మీద పరచండి. ఒకటి ముగిసిన తేదీకి, ఇంకోటి మొదలైన తేదీకి మధ్య ఖాళీ ఉందేమో వేలు పెట్టి చూడండి. చెల్లుబాటయ్యే కాగితాలతో వచ్చి గడువు దాటి ఉండిపోయినవాళ్లను కూడా చట్టం అక్రమ వలసదారుల కిందే నిర్వచిస్తుంది, అలాంటివాళ్లకు ఈ రిజిస్ట్రేషన్ లేదు. 2020 లాక్‌డౌన్ సమయంలో మీ పొడిగింపు ఆలస్యమైందని రాశారు. ఆ రోజుల్లో ఇక్కడ చిక్కుకుపోయిన విదేశీయుల వీసాల గడువు పెంచుతూ కేంద్ర హోంశాఖ ఉత్తర్వులిచ్చింది. మీ తేదీలకు వర్తించే ఉత్తర్వు కాపీ ఫైలుకి జతచేసి, ఒక పేజీ వివరణ మీరే రాసి పెట్టండి. అడిగినప్పుడు చూద్దాం అనుకోవద్దు. అడిగే మనిషి ఢిల్లీలో ఉంటాడు, అక్కడి నుంచి ప్రశ్న మీ దాకా దిగి రావడానికే నెలలు పడుతుంది.

పేరు గురించి ఒక ముచ్చట చెప్పాలి. మలేషియాలో మనవాళ్ల పాస్‌పోర్టుల్లో పేరు తర్వాత "ఎ/పి" అని వేసి తండ్రి పేరు రాస్తారు. మలయ్ భాషలో అనక్ పెరెంపువాన్, అంటే కూతురు. మగవాళ్లకైతే "ఎ/ఎల్". నా సర్వీసులో ఒక ఆఫీసు నుంచి వచ్చిన రిపోర్టులో ఆ ఎ/పిని ఆంధ్రప్రదేశ్ అనుకుని, పేరులోంచి తీసేసి స్థానికత గడిలో రాశారు! నవ్వు ఆపుకోలేకపోయాం. కానీ ఆ ఒక్క ముక్కతో పేరు రెండు కాగితాల్లో రెండు రకాలైంది, ఫైలు వెనక్కి వచ్చింది. మీ ఆవిడ మలేషియా పాస్‌పోర్ట్‌లో ఒక పేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో మీ ఇంటిపేరుతో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉండే అవకాశం నూటికి తొంభై పాళ్లు. దరఖాస్తులో మలేషియా పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి. మిగతా పేర్లన్నీ ఒకే మనిషివని ఒక అఫిడవిట్ జతచేయండి. పౌరసత్వ సర్టిఫికెట్‌లో ఏ పేరు పడుతుందో పాస్‌పోర్ట్‌లోనూ అదే వస్తుంది, తర్వాత డీఎస్సీ అప్లికేషన్‌లోనూ అదే.

దరఖాస్తు హోంశాఖ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌గా నింపాలి. ప్రింటు తీసి, కాగితాలన్నీ కలిపి, మీరు ఉంటున్న జిల్లా కలెక్టర్‌కి ఇవ్వాలి. పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి దీంతో ఏ సంబంధమూ లేదు. కలెక్టరేట్ నుంచి పోలీసు విచారణ, తర్వాత రాష్ట్ర ప్రభుత్వం, అక్కడి నుంచి కేంద్ర హోంశాఖ. కలెక్టర్ 60 రోజుల్లో, రాష్ట్రం 30 రోజుల్లో పంపాలని నిబంధనల్లో ఉంది. ఉంది, అంతే. ఆ గడువుల్లో కదిలిన ఫైలుని నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నెలకోసారి వెళ్లి మర్యాదగా అడగండి. ఎవరి సీటు దగ్గర ఉందో తెలుసుకోవడం ముఖ్యం, గొడవ పెట్టుకోవడం కాదు.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదవండి. భారత పౌరసత్వం తీసుకుంటే పాత పౌరసత్వం వదులుకోవాలి. దరఖాస్తులోనే ఆ హామీ ఇస్తారు. కానీ ఎప్పుడు వదులుకోవాలన్నది వేరే విషయం. హోంశాఖ పరిశీలించి అంగీకరిస్తే, "మీకు పౌరసత్వం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం, పాత పౌరసత్వం వదులుకున్న రుజువు పంపండి" అని ఒక లెటర్ వస్తుంది. ఆ లెటర్ చేతికొచ్చేదాకా మలేషియా పాస్‌పోర్ట్ ఎవరి చేతిలోనూ పెట్టకండి.

2009 ప్రాంతంలో ఒకావిడ, శ్రీలంక నుంచి వచ్చిన కోడలు, ఎవరో చెప్పారని ముందే తన దేశ పౌరసత్వం వదిలేసి ఆ రసీదు ఫైలులో పెట్టి తెచ్చింది. ఇలా చేస్తే పని తొందరగా అవుతుందన్నారట. పర్మిట్ల మధ్య రెండు నెలల ఖాళీ ఉందని ఫైలు తిరిగొచ్చింది. అక్కడ పౌరురాలు కాదు, ఇక్కడా కాదు. ఆ మధ్యలో వాళ్లమ్మ పోయింది. వెళ్లడానికి ఏ పాస్‌పోర్టూ లేదు. మా సెక్షన్ బల్ల ముందు కూర్చుని ఆవిడ ఏమీ అనలేదు, ఆ రసీదుని మడత పెడుతూ విప్పుతూ ఉంది. చివరికి కొన్నేళ్లకు పని అయిందని విన్నాను, కానీ అప్పటికి చూడాల్సిన తల్లి లేదు.

మలేషియా ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. అక్కడి రాజ్యాంగం 23వ అధికరణ ప్రకారం, వేరే దేశ పౌరులైనవాళ్లు గానీ కాబోతున్నవాళ్లు గానీ పౌరసత్వం వదులుకోవచ్చు, అక్కడి ప్రభుత్వం దాన్ని నమోదు చేసుకున్నాకే అది అమలవుతుంది. ఆ "కాబోతున్న" అన్నదానికి రుజువు మన హోంశాఖ లెటరే. అంటే రెండు దేశాల నిబంధనలూ ఒకే వరసను చెబుతున్నాయి: ముందు లెటర్, తర్వాత వదులుకోవడం. వదులుకున్న రుజువు వచ్చి, ఇక్కడ సర్టిఫికెట్ చేతిలో పడేదాకా మధ్యలో కొంత కాలం ఏ పాస్‌పోర్టూ ఉండదు. ఆ రోజుల్లో ఏ పెళ్లీ, ఏ ప్రయాణమూ పెట్టుకోకండి. రాజ్యాంగానికి విధేయురాలిగా ఉంటానన్న ప్రమాణం కూడా ఉంటుంది. రిజిస్ట్రేషన్ జరిగిన తేదీ నుంచే ఆవిడ భారత పౌరురాలు, పెళ్లి తేదీ నుంచి కాదు.

ఇంకో మాట కూడా సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆవిడకు నిజంగా ఇది కావాలా, లేక ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ ఒకటే ఉంటే బాగుంటుందని మీకు కావాలా? మలేషియా పాస్‌పోర్ట్‌తో వీసా లేకుండా వెళ్లగలిగే దేశాలు మన పాస్‌పోర్ట్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. ఓసీఐతో ఇక్కడ జీవితాంతం ఉండొచ్చు. ఓటు, ప్రభుత్వ ఉద్యోగం లాంటివి మాత్రం ఉండవు. డీఎస్సీ రాయాలంటే పౌరసత్వం తప్పదు, ఆ కోరిక ఆవిడదే అయితే ముందుకు వెళ్లండి. లోకల్, నాన్‌లోకల్ లెక్క అప్పుడు వేరే వస్తుంది. స్కూలు చదువంతా పెరాక్‌లో కాబట్టి దాన్నీ ఇప్పుడే కనుక్కోండి. లేదంటే ఇంత చేసి అక్కడ ఆగిపోతారు.

సర్టిఫికెట్ వచ్చాక పాస్‌పోర్ట్ పని చాలా చిన్నది. ఫ్రెష్ అప్లికేషన్. పుట్టిన ఊరు ఇండియా బయట అని పెట్టాలి. పౌరసత్వం ఎలా వచ్చిందన్న చోట పుట్టుక, వంశం, రిజిస్ట్రేషన్ లేదా నేచురలైజేషన్ (దీర్ఘకాల నివాసం మీద పౌరసత్వం ఇవ్వడం) అని ఉంటాయి. మీరు పెట్టాల్సింది మూడోది. అపాయింట్‌మెంట్ రోజు ఒరిజినల్ సర్టిఫికెట్ తీసుకెళ్లండి. అక్కడ మ్యారేజ్ సర్టిఫికెట్‌తో పౌరసత్వానికి పనే ఉండదు. వింతగా అనిపిస్తుంది కానీ అంతే. పెళ్లి ద్వారా వచ్చిన పౌరసత్వాన్ని పాస్‌పోర్ట్ ఆఫీసులో రుజువు చేసేది పెళ్లి కాగితం కాదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక్క ముక్క. అక్కడా పెళ్లితో పౌరసత్వం రాదు. గ్రీన్‌కార్డు వచ్చాక, పౌరుడైన భర్తతో లేదా పౌరురాలైన భార్యతో 3 ఏళ్లు కలిసి ఉంటే, మామూలుగా పట్టే 5 ఏళ్ల బదులు అప్పుడే నేచురలైజేషన్‌కి పెట్టుకోవచ్చు. పాస్‌పోర్ట్‌కి చూపించాల్సింది నేచురలైజేషన్ సర్టిఫికెట్. దాంతోపాటే ఇక్కడి పౌరసత్వం పోతుందన్నది మర్చిపోకండి. అక్కడి పౌరుణ్ణి చేసుకున్నంత మాత్రాన మాత్రం ఎవరి భారత పౌరసత్వమూ పోదు.

చివరగా, మీరు రాయనిది ఒకటి నాకు తట్టింది. 2019లో పురుడు అక్కడ పోసుకున్నారంటే పాప మలేషియాలో పుట్టింది. కౌలాలంపూర్‌లోని మన హైకమిషన్‌లో ఏడాది లోపు ఆ జననం నమోదు చేయించారా? చేయించి, పాపకు వేరే పాస్‌పోర్ట్ లేదని డిక్లరేషన్ ఇచ్చి ఉంటే మీ ద్వారా వంశపారంపర్యంగా భారత పౌరురాలే. చేయించకపోతే కేంద్రం అనుమతితో ఆలస్యంగా నమోదుకు వీలుంది. ఆ ఫైలు వేరు, తల్లి ఫైలులో కలపకండి. పాప ఇప్పుడు ఏ పాస్‌పోర్ట్ మీద తిరుగుతోందో రాయండి, దాన్నిబట్టి చెబుతాను. అలాగే 2019 స్టాంపులు మరోసారి తీసి, వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ ఇక్కడ పెట్టండి. ఆ 142 మీరు కేలండర్ చూసి లెక్కేసిందా, గుర్తు మీద రాసిందా అన్నది నాకు అనుమానంగానే ఉంది.